లోవ్రో దారి

బెలీనా కొండ మీద దారి గుర్తులు ఎవరు వేస్తారని రావ్నే ఊళ్ళో అడిగితే, ముప్పై ఏళ్ళ పాటు అందరూ ఒకే పేరు చెప్పారు: లోవ్రో. కొండ సంఘం పుస్తకాల్లో అలాగే రాసి ఉంది. రాజధాని ల్యుబ్లియానా నుంచి వచ్చే పెద్దలు అలాగే నమ్మారు. రంపపు మిల్లులో గుమాస్తాగా చేసే లోవ్రో ఆరడుగుల రెండంగుళాల మనిషి. టోపీలో ఈక పెట్టుకుని, తాడు భుజాన వేసుకుని వీధిలో నిలబడితే, కొండే వచ్చి ఆయనకి నమస్కారం పెట్టాలన్నట్టు ఉండేవాడు.

ఆయన భార్య నేజా ఆయన భుజం దాకా కూడా రాదు. ఊళ్ళో ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆమెది. రెండు పూటలా సైకిలు మీద తిరిగేది. తక్కువ మాట్లాడేది. గుర్తులన్నీ వేసింది ఆమె.

ఇది మోసంగా మొదలు కాలేదు. వాళ్ళ పెళ్ళైన మరుసటి ఏడు, అంటే 1970లో, సంఘం సమావేశంలో లోవ్రో లేచి బెలీనా గురించి అరగంట మాట్లాడాడు. ఆ తెల్లటి రాయి గురించి, తాతల కాలపు దారుల గురించి, వాటిని కాపాడాల్సిన బాధ్యత గురించి. విన్న ఇద్దరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంత బాగా మాట్లాడిన మనిషిని వదిలి గుర్తుల పని ఇంకెవరికి ఇస్తారు? చప్పట్ల మధ్య ఇచ్చేశారు. ఇంటికొచ్చాక లోవ్రో, "నువ్వు రంగు డబ్బాలు మోస్తావుగా?" అన్నాడు. నేజా మోస్తానంది.

జూన్ నెల చివర, లోయల్లో మంచు కరిగాక, ఇద్దరూ ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళారు. ఆ దారి పేరుకే దారి. నాలుగు వందల మీటర్ల నిటారు సున్నపురాయి, దానికి కొట్టిన ఇనుప మేకులు, పట్టుకోవడానికి ఉక్కు తాడు. లోవ్రో ముందు ఎక్కాడు. ముప్పయ్యో మేకు దాకా బాగానే ఎక్కాడు. అక్కడ కిందికి చూశాడు. చూసి, రాయిని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"లోవ్రో, ఏమైంది?" అని కింద నుంచి నేజా.

"ఏం లేదు. రాయిని పరీక్షిస్తున్నాను."

"కళ్ళు మూసుకునా?"

బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు: "నేజా, నన్ను కిందికి దించవే."

ఆమె పైకెక్కి ఆయన బూటు ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని ఒక్కొక్క మేకు మీద పెడుతూ దించింది. గంట పట్టింది. గడ్డి మీద కూర్చున్నాక ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది, రక్తంతో పాటు మాట కూడా. "మోకాలు పట్టేసింది. చిన్నప్పటి దెబ్బ," అన్నాడు. నేజా ఆ దెబ్బ గురించి వినడం అదే మొదలు. ఆమె రంగు డబ్బాల వంక చూసింది. తెల్లరంగు మూత తీసి ఉంది, ఎర్రరంగుదీ తీసి ఉంది. ఎండకి పైన పొర కట్టేస్తున్నాయి.

"పాడైపోతాయి," అని, రెండూ నడుముకి కట్టుకుని ఎక్కేసింది.

ఆ పైన ఏం జరిగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. తీగల బ్రష్షుతో రాతి మీది నాచు గీకింది. తెల్లచుక్క పెట్టింది, దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. రెండు మేకులు కిందికి దిగి ఎక్కేవాళ్ళకి కనిపిస్తుందో లేదో చూసింది, పైకెళ్ళి దిగేవాళ్ళకి కనిపిస్తుందో లేదో చూసింది. పసుపు ముక్కు కొండకాకులు రెండు వచ్చి ఆమె పని తనిఖీ చేసి వెళ్ళాయి. మధ్యాహ్నానికి ఆమెకి ఒక సంగతి తట్టింది. పొద్దున్నుంచీ తనని ఎవరూ ఏమీ అడగలేదు. లోయలో తెల్లారితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఉత్తరం వచ్చిందా, సూపు అయిందా, చొక్కా ఎక్కడుంది. ఇక్కడ రాయి ఏమీ అడగదు. ఆమె రొట్టె ముక్క తీసి, దాన్ని ఎవరితోనూ పంచుకోకుండా మొత్తం తినేసింది.

అప్పటి నుంచి ప్రతి జూన్‌లోనూ ఒక పద్ధతి ఏర్పడింది. నేజా రెండు వారాలు సెలవు పెట్టేది. ఇద్దరూ ఊరంతా చూస్తుండగా బయల్దేరేవారు, లోవ్రో ముందు, డబ్బాలతో నేజా వెనక. దక్షిణపు పచ్చిక మీద తిల్కా నడిపే కొండ సత్రం దాకా అలాగే వెళ్ళేవారు. అక్కడ లోవ్రో బెంచీ మీద కూర్చునేవాడు. నేజా పైకెళ్ళిపోయేది.

తిల్కాకి మొగుడు పోయాక మిగిలినవి ఆ సత్రం, ఆరు ఆవులు, పదునైన నాలుక. లోవ్రో ముందు పుల్లక్యాబేజీ సూపు పెడుతూ, "మోకాలు ఎలా ఉంది?" అని అడిగేది.

"వాతావరణం మారేట్టుంది తిల్కా, అందుకే ఈ సలుపు."

"పాపం, పదేళ్ళ బట్టీ మారుతూనే ఉంది. ఇంకో గిన్నె పొయ్యనా, అదైనా కుదుటపడుతుంది?"

లోవ్రో పోయించుకునేవాడు. సాయంత్రం నేజా దిగొచ్చేది, గోళ్ళలో ఎర్రరంగుతో, జుట్టులో మరుగుజ్జు పైన్ పొదల ఆకులతో. మొక్కజొన్న సంకటి మీద పుల్లపాలు పోసుకుని తింటూ ఆ రోజు చూసినవి చెప్పేది. ఎన్నో మేకు వదులైంది, ఎక్కడ రాళ్ళు జారి పడ్డాయి, ఏ మలుపులో పొదలు దారికి అడ్డంగా పెరిగాయి. లోవ్రో శ్రద్ధగా రాసుకునేవాడు. అందులో అబద్ధం లేదు, ఆయన శ్రద్ధ నిజమైనదే. ఆయన రాసి పంపే నివేదికలంత చక్కటివి ల్యుబ్లియానాకి మరెక్కడి నుంచీ రావని సంఘం అధ్యక్షుడు గబ్రియేల్ మాస్టారు నలుగురిలో అనేవాడు. ఊరి బడిలో ముప్పై ఏళ్ళు చదువు చెప్పిన మనిషి. రాత మంచిచెడ్డలు ఆయనకి తెలుసు.

ఆ మాట విని విని లోవ్రోకి పుస్తకం రాయాలనిపించింది. 1984 శీతాకాలం అంతా కూర్చుని "బెలీనాకి మూడు దారులు" అని నలభై పేజీల చిన్న పుస్తకం రాశాడు. రాసింది రాసినట్టు నేజాకి చదివి వినిపించేవాడు.

"వినవే. 'పచ్చికలు దాటిన చోట బాటసారి గుండె ఒక్కసారిగా గద్దలా పైకి లేస్తుంది.'"

"అక్కడ గుండె లేవదు లోవ్రో. అక్కడ గొర్రెల పెంట ఉంటుంది. కాలు జారుతుంది."

"పెంట అని పుస్తకంలో రాయరే."

"జారితే మాత్రం పుస్తకం మీదే పడతారు," అని ఆమె మేజోడు కుట్టుకుంటూ ఉండిపోయింది.

పుస్తకం బాగా వచ్చింది. ఒక్కటే పొరపాటు దొర్లింది. దక్షిణపు దారిలో, సగం పైకి వెళ్ళాక, నిలువునా చీలిన పెద్ద బండ ఒకటుంది. ఎక్కేవాళ్ళు అక్కడ కుడికి తిరగాలి. ఆ ఏడు పొద్దుటిపూట రాళ్ళు తడిగా ఉండటంతో, నేజా పైకెళ్ళిపోయి దిగుతూ దిగుతూ రంగు వేసింది. దిగేటప్పుడు అదే మలుపు ఎడమ చేతికి వస్తుంది. సంకటి తింటూ ఆమె, "చీలిన బండ దగ్గర ఎడమకి," అంది. ఆయన ఎడమకి అని రాసుకున్నాడు. అచ్చయిపోయింది.

బండ మీద ఎర్ర సున్నా కుడికి చూపిస్తోంది. చేతిలో పుస్తకం ఎడమకి అంటోంది. చదువుకున్నవాళ్ళు ఏం చేస్తారు? పుస్తకాన్నే నమ్మారు. మరుసటి వేసవిలో నేజా కొండకొమ్ము దగ్గర పని చేసుకుంటుంటే, దారే లేని వైపు నుంచి, పొదల్లోంచి, మొగుడూ పెళ్ళాం ఇద్దరు పాక్కుంటూ వచ్చారు. చెక్ వాళ్ళు. మోకాళ్ళ కింద చర్మం లేదు. ముఖాలు మాత్రం వెలిగిపోతున్నాయి.

"అమ్మా, ఎంత అందమైన దారి! పుస్తకం రాసినాయన ఎవరో గాని మహానుభావుడు!" అంది ఆవిడ.

నేజా వాళ్ళొచ్చిన వైపు వెళ్ళి చూసింది. పొదలు దాటితే సన్నటి రాతి అరుగు, ఒక చోట అడుగు వెడల్పు కూడా లేదు. ఆ తర్వాత చిన్న లోయ, దాని పైన నేరుగా కొండకొమ్ము. పాత దారి కన్నా అరగంట దగ్గర. తాడు లేకుండా ఆ అరుగు దాటడం మాత్రం ప్రాణాలతో ఆట.

ఆ సాయంత్రం లోవ్రోకి చెప్పింది. ఆయన చెంచా కింద పెట్టేశాడు. "పుస్తకంలో తప్పు పడిందంటే మాస్టారు ఏమంటారు?"

"మళ్ళీ అచ్చేసినప్పుడు దిద్దు."

ఆయన దిద్దాడు. రెండో ముద్రణలో పుస్తకం పేరు "బెలీనాకి నాలుగు దారులు" అయింది. చీలిన బండ దగ్గర ఎడమకి తిరిగేది "ధైర్యవంతుల కోసం కొత్తగా కనుగొన్న దారి" అయింది. నేజా ఆ పేజీ రెండుసార్లు చదివి, ఇంటి గోడకి తగిలించిన రంపం తీసింది. జనం ఎలాగూ అటే వెళుతున్నారు. ఎవరైనా పడితే మోసుకురావాల్సింది ఊరివాళ్ళే. రెండు వేసవులు ఆమె ఆ పొదలు కోసింది. అరుగు మీద పదకొండు మేకులు కొట్టింది, తాడు బిగించింది. చివర్న గుర్తులు వేసింది. సంఘం ఆ దారికి ఏకగ్రీవంగా "లోవ్రో దారి" అని పేరు పెట్టింది. బోర్డుల మీద ఆ అక్షరాలు కూడా నేజాయే రాసింది, ఆమె చెయ్యి స్థిరమైనది కాబట్టి.

2000వ సంవత్సరం సెప్టెంబరులో లోవ్రోకి ముప్పై ఏళ్ళ సేవకి బంగారు పతకం ఇవ్వాలని నిర్ణయించారు. ఇచ్చేది ఎక్కడో కాదు, బెలీనా కొమ్ము మీద. వెళ్ళేది లోవ్రో దారిన. ముందు నడిచేది లోవ్రో. ఈ కబురు మాస్టారు ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాక, లోవ్రో చాలాసేపు కిటికీలోంచి కొండ వంక చూశాడు.

"మోకాలు బాగోలేదని చెప్పనా?" అంది నేజా.

"ముప్పై ఏళ్ళు కొండెక్కిన మోకాలు ఆ ఒక్కరోజే బాగోదంటే బాగుంటుందా?" అన్నాడాయన దిగులుగా. ఆ మాటలో తర్కానికి ఏ లోపమూ లేదు.

ఆదివారం పొద్దున్న పద్దెనిమిది మంది బయల్దేరారు. సత్రానికి తాళం వేసి తిల్కా కూడా వచ్చింది. చీలిన బండ దాకా లోవ్రో నడక చూడముచ్చటగా ఉంది. అరుగు దగ్గర మాత్రం ఆగి, దూరాన ఉన్న శిఖరాలు ఒక్కొక్కటీ చూపించి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అన్నీ అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నేజా వెనకాలే వచ్చి నిలబడింది.

"ఎడమ చెయ్యి తాడు మీద," అంది, ఆయనకి మాత్రమే వినిపించేలా. "కుడికాలు మేకు మీద. కిందికి కాదు, నా గొంతు వైపు చూడు."

"గొంతు వైపు ఎలా చూస్తారే?"

"అయితే రాయి వైపు చూడు. ఊఁ, ఇప్పుడు ఎడమకాలు."

పదకొండు మేకులు అలా దాటాడు. వెనక తిల్కా బూటు తాడు కట్టుకుంటూ వంగి, ఏ బూటుకీ పట్టనంత సేపు అలాగే ఉండిపోయింది. ఆమె లేచేదాకా తక్కిన వాళ్ళకి దారి లేదు.

కొమ్ము మీద పతకం గుచ్చారు. ఊళ్ళో అందరూ మాస్టారిని మీరు అనేవాళ్ళే అయినా, వెయ్యి మీటర్ల పైన ఎవరూ ఎవర్నీ మీరు అనకూడదని కొండవాళ్ళ రివాజు. మాస్టారు బ్లూబెర్రీ సారా చిన్న గ్లాసుల్లో పోయించి, "మాట్లాడు లోవ్రో, నీ నోట వినాలని ఉంది," అన్నాడు. లోవ్రో టోపీ తీశాడు. సున్నపురాయి గురించి చెప్పాడు, వానలూ మంచూ గుర్తుల్ని ఎలా చెరిపేస్తాయో చెప్పాడు. నేజా వంక చూశాడు. ఇప్పుడు చెప్పేస్తాడేమో అనుకుంది ఆమె. చెప్పకూడదని ఆమె ఎంతగా కోరుకుంటోందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"చివరిగా," అన్నాడు లోవ్రో, "ఇన్నేళ్ళూ నా రంగు డబ్బాలు మోసిన నా భార్యకి కృతజ్ఞతలు."

చప్పట్లు కొట్టారు. తిల్కా కొట్టలేదు, ఆమె చేతిలో గ్లాసు ఉంది.

దిగడం మొదలెట్టిన పావుగంటకి మబ్బు కమ్మింది. బెలీనా పైభాగం అంతా తెల్లరాయి, తెల్ల గుంటలు, గుంటల్లో ఏడాది పొడుగునా కరగని తెల్లమంచు. దాని మీద తెల్లటి మబ్బు దిగితే చాచిన చేతికి వేళ్ళు కనిపించవు. నేజా ఎవరూ తప్పిపోకుండా అందరికన్నా వెనక నడుస్తోంది. లోవ్రో ముందున్నాడు, నాయకుడు కాబట్టి. దక్షిణపు దారి, ఉత్తరపు గోడ విడిపోయే చోట ఆయన ఒక వైపు రెండడుగులు వేశాడు. బూటు తగిలి ఒక రాయి దొర్లింది. దొర్లి, పడింది. పడిన చప్పుడు మాత్రం రాలేదు. అందరూ ఆ చప్పుడు కోసం ఎదురుచూశారు. ఎప్పటికో, ఎక్కడో కింద, గింజ పడినట్టు వినిపించింది.

లోవ్రో కదల్లేదు. అప్పుడు పద్దెనిమిది మందీ వినేలా, ముప్పై ఏళ్ళ క్రితం గోడ మీద పిలిచిన గొంతుతో, పిలిచాడు:

"నేజా! ఎటే?"

"వస్తున్నా. అక్కడే ఉండు," అంది వెనక నుంచి నేజా. ఆమె వరస పక్కనుంచి ముందుకొచ్చి, ఆయన మోచెయ్యి పట్టి వెనక్కి లాగి, ముందున్న రాతికి దగ్గరగా వంగి వెతికి, "ఇటు," అంది. ఎర్ర సున్నా అక్కడే ఉంది.

లోవ్రో టోపీ తీశాడు. "మాస్టారూ, మీతో ఒక సంగతి చెప్పాలి. ఈ గుర్తులు..." అని మొదలెట్టాడు.

"ఇంకా వెయ్యి మీటర్ల కిందికి రాలేదు లోవ్రో, నువ్వనే అను," అన్నాడు మాస్టారు. "గుర్తుల సంగతి మాకు తెలుసులే."

"ఏం తెలుసు?"

"నువ్వు ఆరడుగుల రెండంగుళాలు. గుర్తులన్నీ నా బొడ్డు ఎత్తులో ఉంటాయి. నువ్వేమన్నా మోకాళ్ళ మీద నడుస్తూ వేశావా?"

మబ్బులో ఎవరో కిసుక్కుమన్నారు. తిల్కా అందుకుంది: "ముప్పై ఏళ్ళ సూపు లెక్క నాకు తెలియదా నాయనా? నువ్వు నా బెంచీ మీద ఉంటే కొండ మీద నీ దయ్యం రంగు వేసిందా? ఊరంతటికీ తెలుసు. నేజా ఉత్తరం చేతికిస్తే దాని మీద ఎర్ర వేలిముద్ర ఉండేది."

"మరి ఒక్కరైనా అనలేదే?"

"ఎవరికీ తెలియకూడదని మీ ఇద్దరికీ ఉన్నట్టుంది. మీ ముచ్చట మేమెందుకు చెడగొట్టాలి?" అన్నాడు మాస్టారు. ల్యుబ్లియానా నుంచి పతకం తెచ్చిన పెద్దమనిషి ఒక్కడే ఏమీ అర్థం కాక, పెట్టె మూత తెరిచి మూస్తూ నిలబడ్డాడు.

సత్రం చేరాక లోవ్రో సూపు వద్దన్నాడు. బెంచీ చివర్న కూర్చుని, "నీకు కోపంగా ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"ఉండాలి. ముప్పై ఏళ్ళు నీ పని నా పేరున..."

"దానికి కాదు," అంది నేజా. "నేను వస్తూనే ఉన్నాను కదా. ఒక్క నిమిషం నోరు మూసుకుని నిలబడలేకపోయావా? ఇప్పుడు ఏం చేస్తారో తెలుసా? నన్ను నియమిస్తారు. తోడిస్తారు. నాతో పాటు మనుషుల్ని పంపిస్తారు. ఇన్నాళ్ళూ ఆ రెండు వారాలు నా వెంట ఎవరూ లేరు. అందుకే కదా నేను నోరెత్తనిది."

తను ఆమెకి అన్యాయం చేస్తున్నానని ముప్పై ఏళ్ళు లోలోపల కుమిలిన మనిషికి, ఆ బాధ కూడా చేతిలోంచి జారిపోయింది. "అయితే నేను లేకపోవడమే నీకు ఇష్టమన్నమాట," అన్నాడు చిన్నబోయి.

"ఏడాదిలో రెండు వారాలు. మిగతా యాభై నువ్వేగా," అని ఆమె తన గిన్నెలోంచి సగం సూపు ఆయనకి వంచింది.

ఆమె అన్నట్టే అయింది. వసంతకాలం సమావేశంలో నేజాని గుర్తుల బాధ్యురాలిగా ఎన్నుకున్నారు. పతకం కూడా ఇచ్చారు, అది లోవ్రోదాని కన్నా కొంచెం చిన్నది, ఎందుకంటే నిబంధన ప్రకారం ఆమె సేవ ఆ రోజే మొదలైంది. నాలుగో దారి పేరు మార్చి నేజా దారి అని పెడదామని ఎవరో లేచి అన్నారు. నేజా వెంటనే వద్దంది.

"పేరు మారిస్తే ఆ బోర్డులన్నీ మళ్ళీ ఎవరు రాయాలి? నేనేగా?"

సాయంగా ఇద్దరు రిటైరైన పెద్దమనుషుల్ని ఇచ్చారు. ఒకాయన బ్యాంకులో చేసినవాడు, రెండో ఆయన బ్యాంకాయన బావమరిది. జూన్‌లో మొదటిరోజు సత్రం దాకా వచ్చేలోపు ఇద్దరూ తమ మూత్రపిండాల గురించి, కోడళ్ళ గురించి, ప్రభుత్వం గురించి అంతా చెప్పేశారు. ఇంకా చాలా మిగిలి ఉందని కూడా చెప్పారు. సత్రం ముందు నేజా డబ్బాలు దించి ఇద్దరి ముఖాల్లోకీ చూసింది. లోవ్రో లోపల తిల్కాకి ఉల్లిపాయలు తరిగి పెడుతున్నాడు. ఆ కొత్త ఉద్యోగంలో ఆయనకి ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

"ఇక్కడి నుంచి చీలిన బండ దాకా దక్షిణపు దారి ఉంది చూడండి," అంది నేజా, భర్త నివేదికల్లో వాడే గంభీరమైన గొంతు తెచ్చుకుని. "కొండ మొత్తంలో బాధ్యతగల భాగం అదే. ముసలీ ముతకా, పిల్లాజెల్లా అందరూ నడిచేది దాని మీదే. ఒక్క గుర్తు తప్పినా ఎవరి పీకల మీదికి వస్తుందో చెప్పలేం. అనుభవం ఉన్న మనుషులు కావాలి. ఇద్దరూ కలిసి చేస్తే గాని అవదు. రెండు వారాలు పడుతుంది."

ఆ దారి బండి వెళ్ళేంత వెడల్పు. అక్కడ గుర్తులు కిందటేడే వేసింది. బ్యాంకాయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "మరి నువ్వో?"

"ఏముంది, ఉత్తరపు గోడ," అంది నేజా. "అది చిల్లర పని. నేనొక్కదాన్నే చూసుకుంటాను."

వాళ్ళిద్దరూ బ్రష్షులు పట్టుకుని కోడళ్ళ దగ్గర ఆగిన కథ మళ్ళీ అందుకుంటూ వెళ్ళారు. మాటలు పచ్చిక మలుపు తిరిగేదాకా వినిపించాయి. అవి పూర్తిగా ఆగిపోయాయని తేలేదాకా నేజా బెంచీ మీద కూర్చుంది. తర్వాత రొట్టె సంచిలో పెట్టుకుని, నాచు గీకే తీగల బ్రష్షు జేబులో దోపుకుని, గోడ వైపు నడిచింది.